పెన్‌డ్రైవ్‌లో బావగారి గొంతు

మా బావగారికి పక్షవాతం వచ్చి కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయిన మూడు నెలలకి, అక్క నాకు ఫోన్ చేసి టీవీకి ఏదైనా చవకైన ప్లేయర్ చూడమంది.

"కేబుల్ తీయించేశానే. నెలనెలా దండగ. పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే చాలు, అట్టాంటిదేదో ఉంటదంటగా. నీకైతే తెలుస్తది, చూడు."

నేను నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి మా బంధువుల్లో కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకీ నన్నే అడుగుతారు. అక్క వాళ్ళుండేది జగ్గయ్యపేటలో. బస్సెక్కితే గంట కూడా పట్టదు. వాళ్ళకి పిల్లల్లేరు. బావగారు ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై రెండేళ్ళయింది. కాలూ చెయ్యీ ఒక ఎత్తు, మాట పోవటం ఒక ఎత్తు. ఆయనకి అన్నీ అర్థమయ్యేవి. ఎవరొచ్చారో, ఏమంటున్నారో, అన్నీ. నోరు తెరిస్తే మాత్రం "ఆఁ... ఆఁ" అని తప్ప ఇంకేం వచ్చేది కాదు.

మాటే ఆయన ఆస్తి. జగ్గయ్యపేటలో ఏ పెళ్ళికైనా, ఏ సన్మానానికైనా మైకు పట్టుకునేది ఆయనే. గొంతు ఖంగుమనేది. నలుగుర్ని నవ్వించటం ఆయనకి బాగా తెలుసు, కాకపోతే ఆ నవ్వు ఎప్పుడూ ఎవరో ఒకరి మీద పడేది. ఎక్కువసార్లు అక్క మీద. "మా ఆవిడ చేసిన సాంబారు తింటే ఏ హోటల్లో తిన్నా అమృతంలా ఉంటదండీ" అనేవారు అందరి ముందూ. అక్క కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంటికెళ్ళాక, "నలుగుర్లో మొహం మాడ్చుకుంటావా" అని వారం రోజులు మాట్లాడేవారు కాదు.

ఆ ఇంట్లో టీవీ ఆయనది. రిమోట్ ఆయన చొక్కా జేబులో ఉండేది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. "నీకు నొక్కటం రాదు, పాడు చేస్తావు" అనేవారు. నేను చూస్తుండగానే చాలాసార్లు జరిగింది. నేను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. నన్ను మాత్రం బావగారు బాగా చూసేవారు. "చదువుకున్న మరదలు, ఇంటికి వెలుగు" అని పదిమందిలో పొగిడేవారు. ఆ మాట అన్నాక ఒకసారి అక్క వైపు చూసేవారు. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. తెలిసీ ఆ పొగడ్త నాకు బాగానే ఉండేది.

కాలేజీ వదిలాక గాంధీ బొమ్మ దగ్గర నాకు తెలిసిన ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళాను. అక్క వాళ్ళ టీవీ పాతది. దాని హెచ్‌డీఎంఐ పోర్టు ఎప్పుడో పోయింది. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు పెట్టుకునే రంధ్రాలే పనిచేస్తున్నాయి. ఆ సంగతి చెబితే షాపతను మూడు రకాలు తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

"ఇది స్టిక్కండి మేడమ్. దీనికి హెచ్‌డీఎంఐ ఉండాల్సిందే, మీకు పనికిరాదు. ఇది ఆండ్రాయిడ్ బాక్సు. పిన్నులు కూడా పడతాయి. వాయిస్ రిమోట్ ఉంటది. బటన్ నొక్కి ఏం కావాలో నోటితో చెప్తే చాలు, వచ్చేస్తది. వైఫై కావాలి. ఇక ఇది ఉత్త ప్లేయరండి. నెట్ లేదు, ఏం లేదు. పెన్‌డ్రైవ్ గుచ్చితే అందులో ఉన్నది వస్తది. రేటు బాక్సులో సగం కూడా ఉండదు."

నేను అక్కడి నుంచే అక్కకి ఫోన్ చేసి మూడూ వివరించాను. ఆండ్రాయిడ్ బాక్సు తీసుకుందామనీ, ఎడంచేత్తో బావగారే నొక్కుకోవచ్చనీ చెప్పాను.

"నోటితో చెప్పేదా?" అంది అక్క. తరవాత చిన్నగా నవ్వింది. "మాట్లాడేవాళ్ళకి కొనే వస్తువే అది. వద్దు. ఆ చవకది తీసుకో. అడుగు, ఒకటే మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు పెట్టుకోవచ్చా?"

షాపతన్ని అడిగాను. "పెట్టుకోవచ్చండి, రిపీట్ వన్ అని ఉంటది. కరెంటు పోయి వచ్చినా అదే మళ్ళీ మొదలవుద్ది. గుళ్ళల్లో స్తోత్రాలకి ఇదే తీసుకెళ్తారు" అన్నాడు. అక్క కూడా స్తోత్రాలకే అడిగిందనుకున్నాను.

"రిమోట్ లేకుండా నొక్కటానికి ప్లేయర్ మీద బటన్లు ఉంటాయా?" అని కూడా అడగమంది. లేవన్నాడు. "అదే ఇమ్మను" అంది.

పెన్‌డ్రైవ్‌లో ఏమేం ఎక్కించాలో అక్క చెప్పింది. విష్ణు సహస్రనామం, కొన్ని పాత పాటలు, రెండు ప్రవచనాలు. చివర్లో, "మీ బావగారి రిటైర్మెంట్ ఫంక్షన్ వీడియో నీ దగ్గరుందిగా, అది కూడా వెయ్యి. ఆయన మాట్లాడిన ముక్క వరకే కత్తిరించి వెయ్యి" అంది. వీడియో తీసినతను అప్పట్లో నాకూ ఒక కాపీ ఇచ్చాడు. అక్క వాళ్ళకిచ్చిన డిస్కు ఎప్పుడో పాడైపోయింది. మొత్తం మూడు గంటలుంటే అందులో బావగారి ప్రసంగం పదకొండు నిమిషాలు. ఆ ముక్క కత్తిరించాను. పాపం, ఆయన్ని సంతోషపెట్టాలని చూస్తోంది అనుకున్నాను.

ఆదివారం వెళ్ళి అన్నీ బిగించాను. అక్క రిమోట్ చేతిలోకి తీసుకుని ఏ బటన్ ఎందుకో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. రెండోసారి అడగలేదు. బావగారు చక్రాల కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ముందు పాట పెట్టింది. తరవాత ప్రసంగం పెట్టింది. తెర మీద తన మొహం, పట్టు కండువా, మైకూ కనపడేసరికి బావగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ ఏదోలా అయింది. బస్సు టైమవుతోందని పూర్తయ్యేదాకా ఉండకుండా వచ్చేశాను.

తరవాత నెలరోజులు నాకు కుదరలేదు. ఒక ఆదివారం పెనుగంచిప్రోలు దగ్గర పెళ్ళికి వెళ్ళి, అక్కడి నుంచి దగ్గరే కదా అని అక్కకి చెప్పకుండానే జగ్గయ్యపేట వెళ్ళాను. మధ్యాహ్నం రెండు దాటింది. సిమెంటు లారీల దుమ్ముకి వీధిలో తలుపులన్నీ వేసి ఉన్నాయి. అక్క వాళ్ళ గేటు తీస్తుంటే లోపలి నుంచి బావగారి గొంతు వినిపించింది. ఖంగుమని, వెనకటి లాగే.

మాట వచ్చిందనుకున్నాను. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తాను.

ఆయన టీవీకి ఎదురుగా కుర్చీలో ఉన్నారు. కుర్చీ చక్రాలకి అటూ ఇటూ రెండు ఇటుకలు అడ్డం పెట్టి ఉన్నాయి. తల పక్కకి వాలి, నోటి చివర నుంచి చొంగ కారుతోంది. మాట్లాడుతున్నది టీవీలో ఉన్న ఆయన. అక్క కింద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రా. కూర్చో. అసలు ముక్క ఇప్పుడే వస్తది" అంది.

తెర మీద బావగారు మైకు సవరించుకున్నారు. "ఆఫీసులో ఎంతోమందికి పని నేర్పానండీ. అటెండరు కూడా నా దగ్గర ఫైలు చూడటం నేర్చుకున్నాడు. కానీ నేను ఓడిపోయింది ఒక్క చోటే. మా ఆవిడకి టీవీ పెట్టటం నేర్పలేకపోయా. రిమోట్ చేతికిస్తే తిరగేసి పట్టుకుని, టీవీ రావట్లేదండీ అంటది. రేపట్నుంచి ఇంట్లో ఈవిడతో కూర్చోవాలి. నా మీద జాలిపడండి."

హాలంతా ఘొల్లుమంది. వేదిక మీద పక్క కుర్చీలో దండతో కూర్చున్న అక్క కూడా నవ్వింది. కెమెరా జనం మీదకి తిరిగింది. మూడో వరసలో నేనున్నాను, చేత్తో పొట్ట పట్టుకుని.

కుర్చీలో ఉన్న బావగారు కూడా నవ్వారు. సగం మొహంతో, "హ్హ... హ్హ" అని, భుజం ఊగేటట్టు.

"చూశావా?" అంది అక్క, ఆకు తుంచటం ఆపకుండా. "నవ్వాడు. నెలనుంచీ చూస్తన్నా. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నవ్వుతాడు."

ప్రసంగం అయిపోయింది. తెర నల్లబడి, "అందరికీ నమస్కారం" అంటూ బావగారి గొంతు మళ్ళీ మొదలైంది.

"రోజూ ఇదేనా?" అన్నాను.

"పొద్దున టిఫినయ్యాక పెడతా. మధ్యాహ్నం పడుకునేదాకా."

"అక్కా, ఇదేం పని! కదల్లేని మనిషి..."

"నేను మాత్రం కదిలానా ముప్ఫై ఏళ్ళు? నేనేం కొట్టట్లేదు, తిట్టట్లేదు. వేళకి అన్నం పెడుతున్నా, దొడ్డికెళ్తే కడుగుతున్నా. ఆయన మాటే ఆయనకి వినిపిస్తన్నా. ఏ రోజు ఆ మాట దగ్గర నవ్వకుండా ఉంటాడో ఆ రోజు తీసేస్తా. అంతకన్నా ఏం అడగట్లేదు." అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "అయినా నువ్వు చెప్తావేంటే? నువ్వు ఆ రోజు నాలుగుసార్లు నవ్వావు. ఒకసారైతే పక్కావిడ భుజం మీద పడి నవ్వావు. అప్పుడు నేను వేదిక మీద ఉన్నా, కనపళ్ళేదు. ఇప్పుడు రోజూ కనపడతన్నావు."

పెట్టిన అన్నం తిని వచ్చేశాను. వీధి చివరి దాకా బావగారి గొంతు వినిపిస్తూనే ఉంది.

బావగారికి వ్యాయామం చేయించటానికి వారానికి మూడు రోజులు ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేవాడు. అతనూ నందిగామ నుంచే వెళ్ళేవాడు. ఆ వారంలో బస్టాండులో కనిపిస్తే, బావగారి నవ్వు గురించి అడిగాను. వీడియో సంగతి చెప్పలేదు.

"అది నవ్వు కాదండి" అన్నాడు. "ఇట్టాంటి పేషెంట్లలో కొంతమందికి ఉంటది. లోపల ఏమనుకున్నా బయటికి నవ్వు వస్తది, లేదంటే ఏడుపు వస్తది. వాళ్ళ చేతుల్లో ఉండదు. లోపల ఏడుస్తా కూడా పైకి నవ్వొచ్చు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది చెబితే అక్క మారుతుందనుకున్నాను. క్లాసు మధ్యలో బయటికొచ్చి ఫోన్ చేశాను.

"అక్కా, ఆయన కావాలని నవ్వట్లేదంట. అది జబ్బంట."

"తెలుసు" అంది అక్క. "విజయవాడలో డిశ్చార్జి చేసిన రోజే డాక్టరు చెప్పాడు."

"తెలిసీనా?"

"తెలిసీనే" అంది. "పాలు పొంగుతున్నాయి, ఉంటా."

ఆ వచ్చే ఆదివారం నేను ఇంకో పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్ళాను. అందులో పాటలూ ప్రవచనాలూ, బావగారికి ఇష్టమైన పాత సినిమాలు మూడు నింపాను. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ప్లేయర్ నుంచి పాతది పీకి కొత్తది గుచ్చాను. పాతది సంచిలో వేసుకున్నాను. బావగారు చూస్తూనే ఉన్నారు. ఎడంచెయ్యి ఎత్తి "ఆఁ ఆఁ" అన్నారు. దండం పెడుతున్నారనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని, "ఇక ఆ బాధ ఉండదు బావగారూ" అన్నాను. ఆయన చెయ్యి లాక్కున్నారు. అదీ నాకు అర్థం కాలేదు.

పెన్‌డ్రైవ్ మార్చానని వెళ్ళేముందు అక్కకి చెప్పాను. గొడవ పడుతుందనుకున్నాను. "సరేలే" అంది, అంతే.

పది రోజులకి ఫోన్ చేసింది. గొంతులో నేనెప్పుడూ వినని హుషారు.

"ఏమే, మీ బావ అన్నం మానేశాడు. పాట పెడితే తల తిప్పేసుకుంటాడు. సినిమా పెడితే ఏడుస్తాడు. పొద్దస్తమానం టీవీ వైపు చెయ్యి చూపించి ఆఁ ఆఁ అంటాడు. ఏం కావాలో నాకు నాలుగు రోజులు తెలవలా. నిన్న అడిగా, నీ స్పీచి కావాలా అని. తలూపాడే! ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు ఊపాడు. ఆయన గొంతు ఆయనకి అందులోనే ఉందిగా మరి. నేను పిచ్చిదాన్ని, నెలంతా శిక్ష వేస్తున్నా అనుకున్నా. ఆయనకది పండగంట."

"అయితే పెన్‌డ్రైవ్ రేపే తెచ్చిస్తా" అన్నాను.

"తేవద్దు" అంది అక్క. "నువ్వు మంచి పనే చేశావు. ఏం తీసేస్తే నొప్పి పుడతదో ఇన్నాళ్ళూ నాకు తెలవలా."

అక్క దగ్గర ఇంకో కాపీ లేదు. ఆ ముక్క నా లాప్‌టాప్‌లోనూ ఆ పెన్‌డ్రైవ్‌లోనూ మాత్రమే ఉంది. రెండూ నా దగ్గరే ఉన్నాయి.

చైత్రంలో స్వాతి నక్షత్రం రోజున అక్క వేదాద్రి వెళ్ళాలనుకుంది. నరసింహస్వామికి మొక్కు ఉందంది. ఆ పూట బావగారి దగ్గర ఉండమని నన్ను రమ్మంది. ముందు రోజు సాయంత్రమే ఆ పదకొండు నిమిషాలనీ నా సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

అక్క ఎక్కిన ఆటో మలుపు తిరగగానే బావగారి ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఫోన్ పెట్టాను. "అందరికీ నమస్కారం" అన్న మాట వినపడగానే ఆయన ఒళ్ళంతా ముందుకొచ్చింది. ఫోన్‌ని ఎడంచేత్తో పట్టుకుని చెవికి ఆనించుకున్నారు. తెర చూడలేదు, గొంతే విన్నారు. పెదవులు కదులుతున్నాయి. ఫోన్‌లో ఒక్కో వాక్యం ముగిసేచోట ఆయన తల కూడా ఊగేది. అక్క మీద వేసిన జోకు వచ్చింది. నవ్వారు. అది జబ్బు నవ్వో ఆయన నవ్వో నాకు తెలియలేదు. అయిపోయాక ఫోన్ నాకు అందించి, మళ్ళీ పెట్టమన్నట్టు వేలితో తట్టారు. పెట్టాను. అలా ఐదారుసార్లు పెట్టాను. మధ్యలో అన్నం తినిపిస్తే, చాలా రోజుల తరవాత పెట్టిందంతా తిన్నారు.

మధ్యాహ్నం మూడింటికి గేటు చప్పుడైంది. నేను గబుక్కున ఫోన్ లాక్కుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసి జిప్పు లాగాను. బావగారు ఆ బ్యాగ్ వైపు చెయ్యి చాపారు. అక్క ప్రసాదం తీసుకుని లోపలికొచ్చేసరికి ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంది.

అక్క ఆయన చేతిని చూసింది, నా బ్యాగ్‌ని చూసింది. పులిహోర నా చేతిలో పెట్టింది.

"నేను లేనప్పుడు ఇక రాబాకు" అంది. "నేను పిలిస్తేనే రా."

కోపంగా అనలేదు. నేను వాదించలేదు. వాదించి ఉండాల్సింది. ఆ ఇంట్లో నేను వాదించాల్సిన సందర్భాలు అంతకుముందు చాలా ఉన్నాయి, అప్పుడూ వాదించలేదు. నిజం చెప్పాలంటే ఆ మాటతో నాకు బరువు దిగినట్టయింది. రావద్దంది, నేను వెళ్ళలేదు. అంతే కదా అనుకున్నాను. వేసవి సెలవుల్లో మా కాలేజీ వాళ్ళు అడ్మిషన్ల కోసం మమ్మల్ని ఊళ్ళ మీదకి తోలుతారు. చందర్లపాడు వైపు పల్లెలన్నీ ఎండలో తిరుగుతూ, టెన్త్ పాసైన పిల్లల ఇళ్ళకి వెళ్ళి మా కాలేజీ గొప్పలు చెప్పాను. అక్క ఫోన్ చేస్తే ఊళ్ళో తిరుగుతున్నా అనేదాన్ని. బావగారు ఎలా ఉన్నారంటే, "ఉన్నారు" అనేది.

మే చివర్లో రెండోసారి పక్షవాతం వచ్చింది. విజయవాడ తీసుకెళ్ళేలోపే, కంచికచర్ల దాటకముందే అంబులెన్సులో పోయారు.

పెద్ద కర్మ అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. నేను రెండు రోజులు ఉండిపోయాను. ఇద్దరం వంటింట్లో పీటలేసుకుని భోంచేస్తుంటే అక్కే మొదలుపెట్టింది.

"ఆడవాళ్ళెవరు వచ్చినా వాళ్ళ చేతిలో సంచి వైపు చెయ్యి చాపేవాడే. పాలావిడ వచ్చినా అంతే. ఏమన్నా తినటానికి తెచ్చారేమో అనుకుంటున్నాడని పాపం వాళ్ళు బిస్కెట్లు కొనుక్కొచ్చేవాళ్ళు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "నన్ను ఒక్కసారి పెన్‌డ్రైవ్ తెమ్మనాలని అనిపించలేదా అక్కా?"

"అనిపించింది. రెండుసార్లు ఫోన్ కూడా చేశా నీకు. తర్వాత వద్దులే అనుకున్నా." ముద్ద కలుపుకుంటూ ఆగింది. "నువ్వెందుకు రాలేదు మరి, ఎండాకాలమంతా?"

"నువ్వే కదా రావద్దంది."

"నేననటం ఎంత! నేనట్టా చాలా అంటా."

"అడ్మిషన్లక్కా. రోజూ చందర్లపాడు వైపు..."

"ఆదివారాలు కూడానా?"

నేను కంచంలో మెతుకులు దగ్గరికి చేర్చుకున్నాను. అక్క మజ్జిగ గిన్నె నా వైపు జరిపింది.

"పోసుకో. అన్నం ఆరిపోతోంది" అంది.